గంటకు జీతం, పనికి జీతం

బ్రిటన్‌లో డాక్టరుకు ఏడాదికి ఎంతొస్తుంది, అమెరికాలో ఎంతొస్తుంది అని లెక్కలు వేసుకుంటాం. ఆ డబ్బు ఎవరిస్తున్నారు, దేనికిస్తున్నారు అని మాత్రం అడగం. ఆ రెండు దేశాల్లో డాక్టరు రోజు ఎలా గడుస్తుందో తేల్చేది ఆ రెండో ప్రశ్నే.

లండన్‌లో ఒక పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిని ఊహించుకోండి. రెండో అంతస్తులో సర్జన్ ఒకరు మెదడులోని కణితి తీస్తున్నారు. ఐదో అంతస్తులో మరో డాక్టరు తొంభై ఏళ్ల పెద్దావిడ మంచం పక్కన కూర్చుని, ఆమె రోజూ మింగే గుప్పెడు మాత్రల్లో వేటిని ఆపేయొచ్చో ఒక్కొక్కటే చూస్తున్నారు. ఇద్దరూ కన్సల్టెంట్లే, అంటే శిక్షణ పూర్తయిన సీనియర్ స్పెషలిస్టులే. సర్వీసు సమానంగా ఉంటే ఇద్దరి మూల వేతనమూ ఒక్కటే. 2025-26లో ఇంగ్లండ్‌లో ఆ స్కేలు 1,09,725 పౌండ్ల దగ్గర మొదలై 1,45,478 పౌండ్ల దగ్గర ఆగింది. గుండె డాక్టరైనా, మానసిక వైద్యుడైనా, పిల్లల డాక్టరైనా అదే స్కేలు. ఆన్‌కాల్ భత్యాలు, అదనపు డ్యూటీలు, బయట చేసుకునే ప్రైవేటు ప్రాక్టీసు వల్ల చేతికొచ్చేది మారుతుంది తప్ప, ప్రభుత్వం ఒక వైద్య విభాగానికీ మరో విభాగానికీ మధ్య వెల తేడా కట్టదు.

అట్లాంటిక్ దాటితే లెక్క వేరు. మెడ్‌స్కేప్ సంస్థ 2024లో వెలువరించిన సర్వే ప్రకారం అమెరికాలో ఎముకల సర్జన్ల సగటు సంపాదన ఏడాదికి దాదాపు 5.6 లక్షల డాలర్లు. పిల్లల డాక్టర్లది దాదాపు 2.6 లక్షలు. ఇద్దరూ ఒకే కాలేజీలో చదివి, ఒకే ఆసుపత్రిలో పనిచేస్తూ, ఒకే క్యాంటీన్‌లో భోంచేస్తూ ఉండొచ్చు. అయినా ఒకరి సంపాదన మరొకరికి రెట్టింపు పైనే. అన్ని విభాగాలూ కలిపి సగటు తీస్తే 3.6 లక్షల డాలర్లు. బ్రిటన్ కన్సల్టెంటు జీతాన్ని డాలర్లలోకి మార్చి పక్కన పెడితే అందులో సగానికి అటూ ఇటూగా తేలుతుంది.

మన ఇళ్లలో ఈ పోలిక సాధారణంగా ఇక్కడితోనే ముగుస్తుంది. అమెరికాయే మేలు అనేస్తారు. ఎంబీబీఎస్ చివరి ఏడాదిలో ఉన్న అమ్మాయి అమెరికా కోసం యూఎస్‌ఎంఎల్‌ఈ రాయాలా, బ్రిటన్ కోసం ప్లాబ్ రాయాలా అన్నది ఆ ఒక్క లెక్క మీదే తేల్చేస్తారు. రెండు దేశాల మధ్య నిజమైన తేడా అంకెలో లేదు. బ్రిటన్ డాక్టరు సమయాన్ని కొంటుంది. అమెరికా డాక్టరు చేసిన పనిని కొంటుంది. ఒక రోగికి ఎంతసేపు కేటాయించగలరు, సాయంత్రం ఎన్నింటికి ఇల్లు చేరతారు, బిడ్డ పుడితే ఎన్నాళ్లు ఇంట్లో ఉండగలరు, రోగి కళ్లలో ఏ భయం చూడాల్సి వస్తుంది... అన్నీ అక్కడినుంచే పుట్టుకొస్తాయి.

ఒకే యజమాని

1948 జులై 5న బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవ, అందరూ పిలిచే పేరుతో చెప్పాలంటే ఎన్‌హెచ్‌ఎస్, మొదలైంది. దాన్ని నిలబెట్టిన ఆరోగ్య మంత్రి అనైరిన్ బెవన్, వేల్స్ బొగ్గుగనుల ప్రాంతం నుంచి వచ్చినవాడు. డాక్టర్ల సంఘం ఆ రోజుల్లో దాన్ని గట్టిగా వ్యతిరేకించింది. ప్రైవేటు ప్రాక్టీసు కొనసాగించుకోవచ్చని కన్సల్టెంట్లకు మాటిచ్చి, ఊళ్లలోని కుటుంబ వైద్యులను, అంటే జీపీలను, జీతగాళ్లుగా కాక కాంట్రాక్టర్లుగా ఉండనిచ్చి బెవన్ వాళ్లను ఒప్పించాడు. అప్పటినుంచి బ్రిటన్‌లో డాక్టరు శ్రమను కొనే ప్రధాన యజమాని ఒక్కటే, ప్రభుత్వం. ఒక్కడే కొనేవాడున్న సంతలో ధర ఆ ఒక్కడు చెప్పిందే. ఏటా ఒక వేతన సమీక్షా సంఘం సిఫారసు చేస్తుంది, చివరి మాట మాత్రం ప్రభుత్వానిదే.

ఆ యజమాని కొనుక్కునేదేమిటో కన్సల్టెంటు కాంట్రాక్టు చూస్తే అర్థమవుతుంది. 2003 నాటి ఆ ఒప్పందంలో వారాన్ని నాలుగేసి గంటల పది ముక్కలుగా కోశారు. మామూలుగా అందులో ఏడున్నర ముక్కలు రోగుల కోసం, మిగతా రెండున్నర చదువుకోవడానికి, జూనియర్లకు నేర్పడానికి, తమ పనిని తామే సమీక్షించుకోవడానికి. పొద్దుటి ఓపీలో పదిహేను మందిని చూసినా, పది మందినే చూసినా ఆ నెల జీతంలో మార్పు ఉండదు. ఆపరేషన్ చేసినందుకు ఎక్కువా రాదు, అక్కర్లేదని రోగిని ఇంటికి పంపినందుకు తక్కువా కాదు. వైద్యంలో ఇంతకంటే గొప్ప స్వేచ్ఛ ఉంటుందని నేననుకోను. ఎదుటి మనిషికి నిజంగా ఏం కావాలో, దానికీ తన జేబుకూ సంబంధం లేకుండా ఆలోచించగలగడం చిన్న విషయం కాదు.

చదువు ముగించి మొదటి ఏడాది డ్యూటీలో చేరిన డాక్టరుకు ఇంగ్లండ్‌లో 2025-26 మూల వేతనం 38,831 పౌండ్లు. పౌండుకు 115 రూపాయలనుకుంటే 44 లక్షల పైచిలుకు. ఇది వారానికి 40 గంటల పనికి. రాత్రి డ్యూటీ గంటలకు 37 శాతం అదనం, వారాంతాలకు వేరే భత్యం. మొత్తమ్మీద సగటున వారానికి 48 గంటలు దాటకూడదన్నది నియమం. ఏడాదికి 27 రోజుల జీతంతో కూడిన సెలవు, దానిపైన 8 ప్రభుత్వ సెలవులు. బిడ్డ పుడితే, ఏడాది సర్వీసు నిండినవాళ్లకు ఎనిమిది వారాలు పూర్తి జీతం, తర్వాత 18 వారాలు సగం జీతంతో పాటు చట్టప్రకారం వచ్చే భత్యం, ఆపైన 13 వారాలు ఆ భత్యం మాత్రమే. మొత్తం ఏడాదిదాకా ఉద్యోగం పోతుందన్న భయం లేకుండా ఇంట్లో ఉండొచ్చు. పింఛను ఏర్పాటు కూడా ఉదారమైనదే. ఏటా సంపాదనలో 54వ వంతు చొప్పున పింఛను ఖాతాలో చేరుతుంది, ధరలను బట్టి పెరుగుతూ పోతుంది. ఎన్‌హెచ్‌ఎస్ ఆసుపత్రి పనిలో పొరపాటు జరిగి కేసు పడితే పరిహారం కట్టేది ప్రభుత్వ పథకమే.

ఇక రోగి. డాక్టరు దగ్గర బిల్లు లేదు. ఇంగ్లండ్‌లో మందుల షాపులో ఒక్కో మందుకు 9 పౌండ్ల 90 పెన్నీలు కడతారు. పిల్లలకు, అరవై దాటినవాళ్లకు అదీ లేదు. వేల్స్, స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్‌లలో మందులు అందరికీ ఉచితమే. స్కాన్ రాసే ముందు ‘మీకు ఏ బీమా ఉంది?’ అని అడగాల్సిన అవసరం బ్రిటిష్ డాక్టరుకు రాదు.

తరిగిపోయిన మాట

ఇంతవరకే చదివితే బ్రిటన్ వదిలి ఎవరైనా ఎందుకు వెళతారనిపిస్తుంది. వెళుతున్నారు. జీతం తక్కువైనా భద్రత, గౌరవం, సమయం ఇస్తాం అన్నది 1948 నాటి ఒప్పందపు సారం. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత ఆ ఒప్పందంలో ప్రభుత్వం వైపు భాగం ఏటా కొంచెం కొంచెం తరిగింది. కొన్నేళ్లు జీతాలు పెంచలేదు, ఆ తర్వాత పెంచినా ధరల కంటే తక్కువే పెంచారు. 2008తో పోలిస్తే జూనియర్ డాక్టర్ల జీతం నిజవిలువలో 26 శాతం పడిపోయిందని బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ లెక్క కట్టింది. ధరల పెరుగుదలను ఏ సూచీతో కొలవాలన్న దాని మీద ప్రభుత్వానికీ సంఘానికీ పేచీ ఉంది. పడిపోయిందన్న విషయంలో మాత్రం లేదు.

2023 మార్చిలో జూనియర్లు సమ్మెకు దిగారు. కొత్త డాక్టరుకు గంటకు 14 పౌండ్లే వస్తున్నాయని, కాఫీ దుకాణంలో అంతకంటే కాస్త ఎక్కువే వస్తుందని సంఘం పోస్టర్లు వేసింది. భత్యాలు కలపకుండా ఆ పోలిక పెట్టడం సరికాదన్న విమర్శ వచ్చింది, అది న్యాయమైన విమర్శే. కానీ ఆ పోస్టరు దేశమంతా మాట్లాడుకునేలా చేసింది. 2024 సెప్టెంబరులో రెండేళ్లకు కలిపి సుమారు 22 శాతం పెంపు ఒప్పందం కుదిరింది. ‘జూనియర్’ అన్న మాట తీసేసి ‘రెసిడెంట్ డాక్టర్’ అనడం కూడా ఆ నెలలోనే మొదలైంది. 2025 జులైలో మళ్లీ ఐదు రోజుల సమ్మె.

మొదటి ఏడాది డాక్టరుకొచ్చే ఆ 44 లక్షల రూపాయలు ఎక్కడికి పోతాయో చూద్దాం. ఇంగ్లండ్‌లో వైద్య విద్య ఐదారేళ్లు, ఏడాదికి ఫీజు 2024-25 దాకా 9,250 పౌండ్లు, 2025-26లో 9,535. పిల్లలు అప్పు మీదే చదువుతారు. జీతంలో ఒక హద్దు దాటిన భాగం మీద 9 శాతం ఆ అప్పుకు జమవుతుంది. ఆదాయపు పన్ను, జాతీయ బీమా, పింఛను కోత, అప్పు వాయిదా అన్నీ పోగా, భత్యాలు కలపకపోతే, మొదటి ఏడాది డాక్టరు చేతికి నెలకు 2,300 పౌండ్లకు అటూ ఇటూ వస్తాయి. లండన్‌లో ఒంటి పడకగది ఇంటి అద్దె 1,500 పౌండ్లు సులభంగా దాటుతుంది. రాజధానిలో పనిచేసేవాళ్లకు ఇచ్చే లండన్ భత్యమో, ఏళ్ల తరబడి కదలని అంకె: ఏడాదికి 2,162 పౌండ్లు.

కన్సల్టెంటు అయ్యాక మరో ముడి ఎదురవుతుంది. సంపాదన లక్ష పౌండ్లు దాటగానే పన్ను లేని మొదటి 12,570 పౌండ్ల రాయితీ కరగడం మొదలవుతుంది. దానివల్ల లక్షకూ, లక్షా పాతిక వేలకూ మధ్య సంపాదించే ప్రతి అదనపు పౌండులో 60 పెన్నీలు ఆదాయపు పన్నుకే పోతాయి. అంతేకాదు, తల్లిదండ్రుల్లో ఒక్కరి ఆదాయం లక్ష దాటినా చిన్నపిల్లల సంరక్షణకు పని చేసే తల్లిదండ్రులకిచ్చే ప్రభుత్వ సాయం ఆగిపోతుంది. ఇద్దరు పసిపిల్లలున్న కన్సల్టెంటు అదనపు డ్యూటీ ఒప్పుకుంటే ఇంటికి నష్టం వచ్చే పరిస్థితి. ఆపరేషన్ల కోసం లక్షల మంది వేచి ఉన్న దేశం, ఆపరేషన్ చేయగలిగిన మనిషిని ఇంకో పూట పనిచేయొద్దని పన్నుల ద్వారా చెప్పడం నాకు బాధ కలిగించే విషయం.

వేచి ఉన్నవాళ్ల సంగతీ చెప్పాలి. 2023 సెప్టెంబరులో ఇంగ్లండ్ ఆసుపత్రుల నిరీక్షణ జాబితా 77 లక్షల చికిత్సలకు చేరింది. ఆ తర్వాత కాస్త తగ్గినా 70 లక్షల పైనే సాగింది. 18 వారాల్లోపు చికిత్స మొదలవ్వాలన్నది లక్ష్యం. బ్రిటిష్ రోగికి బిల్లు భయం లేదు, ఆలస్యం భయం ఉంది. ఉదయం ఎనిమిదింటికి జీపీ ఆఫీసుకు ఫోన్ చేసి వరుసలో నిలబడటం అక్కడి సగటు ఇంటి అనుభవం. అపాయింట్‌మెంటు దొరికితే జీపీ ఇచ్చేది మామూలుగా పది నిమిషాలు. మోకాలి నొప్పితో ఏడాదిగా ఎదురుచూస్తున్న మనిషికి ‘ఇంకా ఆగాలి’ అని చెప్పే డాక్టరుకు, ఆ ఆలస్యం తన చేతిలో లేదని తెలిసినా తప్పు తనదే అన్న భావన వదలదు.

ట్రైనింగ్‌లో ఉన్నవాళ్ల బతుకు ఇంకో రకం. కొన్ని నెలలకో, ఏడాదికో ఊరు మారాలి. ఆగస్టు మొదటి బుధవారం దేశమంతటా డాక్టర్లు కొత్త ఆసుపత్రులకు మారతారు. భార్య ఒక మూల, భర్త మరో మూల పడటం మామూలే. ఇవన్నీ భరించలేక వెళ్లిపోయేవాళ్లు ఎక్కువగా వెళ్లేది అమెరికాకు కాదు, ఆస్ట్రేలియాకు, న్యూజిలాండ్‌కు. అమెరికా వెళితే రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో చేసే శిక్షణ, మళ్లీ మొదటినుంచి చేయాలి కాబట్టి.

ప్రతి పనికీ ఒక అంకె

అమెరికాలో డాక్టరు చేసే ప్రతి పనికీ ఒక కోడ్ ఉంటుంది, ప్రతి కోడ్‌కూ ఒక విలువ ఉంటుంది. హార్వర్డ్ ఆర్థికవేత్త విలియం షియావ్ బృందం చేసిన అధ్యయనం ఆధారంగా, వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్ 1992లో ఈ పద్ధతి మొదలుపెట్టింది. ఆ విలువను ఆర్‌వీయూ అంటారు. ప్రైవేటు బీమా కంపెనీలు, డాక్టర్లకు జీతమిచ్చే పెద్ద ఆసుపత్రులు కూడా చాలావరకు దీన్నే కొలబద్దగా పెట్టుకున్నాయి. డాక్టరు ఏడాదిలో ఎన్ని ఆర్‌వీయూలు కూడబెట్టారన్నదాన్ని బట్టి బోనస్ తేలుతుంది, కొన్నిచోట్ల మొత్తం జీతమే తేలుతుంది.

ఆ పట్టికను తెరిచి చూస్తే ఆ సమాజం దేనికి ఎంత వెల కట్టిందో కనిపిస్తుంది. పాత రోగి ఓపీకి వస్తే మామూలు సందర్శనకు డాక్టరు శ్రమ విలువ 1.3. షుగరు, బీపీ, కిడ్నీ సమస్య, నిద్ర పట్టకపోవడం అన్నీ కలిసి ఉన్న కాస్త క్లిష్టమైన సందర్శనకు 1.9. కంటి శుక్లం ఆపరేషన్‌కు 7 పైన. మోకాలి కీలు మార్పిడికి 19 పైన. ఆపరేషన్ తర్వాతి 90 రోజుల చూపులు కూడా ఆ అంకెల్లోనే కలిసి ఉంటాయన్నది నిజం. సర్జన్ చేతిపనికి, ఆ నేర్పు సంపాదించడానికి పట్టిన ఏళ్లకు విలువ ఉండాల్సిందే. కానీ పక్షవాతం వచ్చిన తండ్రిని ఇంట్లో ఎలా చూసుకోవాలో కొడుక్కి ముప్పావుగంట కూర్చుని చెప్పిన డాక్టరుకు ఆ పట్టికలో దక్కేది స్వల్పం. పిల్లల డాక్టర్ల, మధుమేహ నిపుణుల, కుటుంబ వైద్యుల సంపాదన తక్కువగా ఉండటానికి ప్రధాన కారణం ఇదే. వాళ్ల పనిలో ఎక్కువ భాగం వినడం, ఆలోచించడం, చెప్పడం.

ఇంకో సంగతి. మెడికేర్ ఒక్కో ఆర్‌వీయూకు చెల్లించే డబ్బు 1992లో 31 డాలర్లు. 2025లో 32 డాలర్ల 35 సెంట్లు. మూడు దశాబ్దాల్లో పెరిగింది డాలరున్నర కూడా లేదు. ఈ కాలంలో నర్సుల జీతాలు, క్లినిక్ అద్దె, సాఫ్ట్‌వేర్ ఖర్చు ఎంత పెరిగాయో వేరే చెప్పనక్కర్లేదు. ఆదాయం నిలవాలంటే ఎక్కువ మందిని చూడాలి, ఎక్కువ పనులు చేయాలి. సొంత క్లినిక్‌లు నడపలేక ఆసుపత్రి సంస్థలకు, కార్పొరేట్లకు అమ్మేసినవాళ్లు చాలామంది. ఉద్యోగులుగా పనిచేసే డాక్టర్ల వాటా ఇప్పుడు సగం దాటింది. బ్రిటన్‌లో జీతం కోసేది ప్రభుత్వమని బహిరంగంగా తెలుసు, దాని మీద సమ్మె చేయొచ్చు. అమెరికాలో కోత ఒక పట్టికలో, ఒక బీమా ఒప్పందంలో, ఒక తిరస్కరణ లేఖలో దాగి ఉంటుంది.

ఆ తిరస్కరణల గురించి. ఎంఆర్‌ఐకో, ఖరీదైన ఇంజెక్షన్‌కో డాక్టరు చీటీ రాస్తే సరిపోదు. చాలా సందర్భాల్లో బీమా కంపెనీ ముందే ఒప్పుకోవాలి. దాన్ని ప్రయర్ ఆథరైజేషన్ అంటారు. కాదంటే, కంపెనీ తరఫున కూర్చున్న మరో డాక్టరుతో ఫోన్‌లో వాదించాలి. ఈ పనికోసమే క్లినిక్‌లు ప్రత్యేకంగా మనుషుల్ని పెట్టుకుంటాయి. పగలంతా రోగులతో సరిపోతుంది కాబట్టి కంప్యూటర్‌లో నోట్స్ రాయడం ఇంటికొచ్చి, పిల్లల్ని పడుకోబెట్టాక మొదలవుతుంది. రాత్రి దుస్తుల్లో కూర్చుని చేసే ఈ పనికి అక్కడి డాక్టర్లు ‘పైజామా టైమ్’ అని పేరు పెట్టుకున్నారు. జీతం లెక్కలో ఈ గంటలు ఎక్కడా కనబడవు.

ముప్పై ఏళ్లదాకా

అమెరికాలో పెద్ద జీతం ఎప్పుడు మొదలవుతుందో కూడా చూడాలి. అక్కడి పిల్లలు నాలుగేళ్ల డిగ్రీ, ఆపైన నాలుగేళ్ల మెడికల్ స్కూలు చదువుతారు. అప్పు చేసి చదివినవాళ్లకు పట్టా చేతికొచ్చేసరికి మధ్యస్థంగా 2 లక్షల డాలర్ల అప్పు ఉంటుంది. ఆ తర్వాత రెసిడెన్సీ, విభాగాన్ని బట్టి మూడు నుంచి ఏడేళ్లు. మొదటి ఏడాది జీతం 65 వేల డాలర్ల ప్రాంతంలో. వారానికి 70 గంటల చొప్పున 50 వారాలు చేస్తే గంటకు 19 డాలర్లు కూడా పడదు.

ఆ గంటలకు ఒక హద్దు పడటానికి ఒక అమ్మాయి ప్రాణం పోవాల్సి వచ్చింది. 1984లో లిబ్బీ జియాన్ అనే పద్దెనిమిదేళ్ల కాలేజీ విద్యార్థిని న్యూయార్క్ ఆసుపత్రిలో చేరిన కొద్ది గంటల్లోనే చనిపోయింది. ఆ రాత్రి ఆమెను చూసినవాళ్లు సుదీర్ఘ డ్యూటీల్లో ఉన్న ట్రైనీ డాక్టర్లు. పాత్రికేయుడైన ఆమె తండ్రి ఊరుకోలేదు. 1989లో న్యూయార్క్ రాష్ట్రం, 2003లో దేశమంతటి రెసిడెన్సీ వ్యవస్థ వారానికి సగటున 80 గంటల పరిమితి పెట్టాయి. ఎనభై! బ్రిటన్ హద్దు 48 అని ఇందాక చెప్పుకున్నాం. కొందరు బ్రిటిష్ సర్జన్లే తమ ట్రైనీలకు చేతి అనుభవం చాలడం లేదని అంటారు, అందులో కొంత నిజముంది. అమెరికా సర్జన్ ముప్పై మూడేళ్లకు స్వతంత్రంగా నిలబడతాడు. అదే వయసుకు బ్రిటన్ సర్జన్ చాలాసార్లు ఇంకా ట్రైనింగ్‌లోనే ఉంటాడు.

తల్లులైన డాక్టర్ల విషయంలో రెండు దేశాల మధ్య అంతరం మరీ కళ్లకు కడుతుంది. 1993 నాటి అమెరికా చట్టం 12 వారాల సెలవు ఇస్తుంది, జీతం లేకుండా. రెసిడెన్సీ కాలంలో కనీసం ఒకసారి ఆరు వారాల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలన్న నియమం 2022 జులైలో గానీ రాలేదు. ఆరు వారాల పసికందును ఇంట్లో వదిలి రాత్రి డ్యూటీకి వెళ్లిన తల్లికి, ఆ తర్వాతెప్పుడో వచ్చే మూడు లక్షల డాలర్లు ఆ నెలల్ని తిరిగి ఇవ్వలేవు.

అప్పులు తీరి, నలభై దాటాక అమెరికా డాక్టరు కుటుంబం హాయిగా బతుకుతుంది. అందులో సందేహం లేదు. పెద్ద ఇల్లు, మంచి స్కూలున్న పేట, టెక్సస్, ఫ్లోరిడాల్లో ఉంటే రాష్ట్ర ఆదాయపు పన్ను కూడా ఉండదు. బ్రిటన్ కన్సల్టెంటు ఇల్లు అంతకంటే చిన్నది, కారు పాతది. కానీ అమెరికాలో డాక్టరు కుటుంబానికీ ఆరోగ్య బీమా కావాలి. యజమాని ద్వారా వచ్చే కుటుంబ బీమా సగటు ప్రీమియం యజమాని వాటాతో కలిపి 2024లో ఏడాదికి 25 వేల డాలర్లు దాటింది. పేరున్న ప్రైవేటు యూనివర్సిటీలో ఒక పిల్లవాడి ఏడాది ఖర్చు 80 వేల డాలర్ల పైనే. పురుడు పోసే డాక్టర్లకు కొన్ని ప్రాంతాల్లో కేసుల బీమాకే ఏడాదికి లక్ష డాలర్లకు మించి అవుతుంది. సొంత ప్రాక్టీసు ఉంటే అదంతా వాళ్ల సంపాదన నుంచే.

అమెరికా వైద్యం అంత ఖరీదు కావడానికి డాక్టర్ల జీతాలే కారణమన్న మాట తరచూ వినిపిస్తుంది. ఆ దేశపు మొత్తం వైద్య ఖర్చులో డాక్టర్ల చేతికి చేరేది సుమారు 9 శాతమే. మిగతాది ఆసుపత్రులు, మందులు, పరికరాలు, బిల్లింగ్ యంత్రాంగం. రోగి ముందు కూర్చుని, ‘ఈ మందు మీ బీమాలో లేదు, బయట కొనగలరా?’ అని అడగాల్సింది మాత్రం డాక్టరే. కొనలేనన్న జవాబు విని, దానికి తగ్గట్టు వైద్యం మార్చాల్సిందీ డాక్టరే. ఈ భారాన్ని ఏ జీతం పోలికలోనూ వేయరు, వేయాలని నా అభిప్రాయం.

రెండు బొగ్గు లోయలు

మన దేశపు డాక్టర్లు ఈ రెండు దేశాలకూ గుంపులుగా వెళ్లింది 1960ల నుంచి. చిత్రంగా రెండుచోట్లా వాళ్లు చేరింది ఒకేరకం ఊళ్లకు. బ్రిటన్‌లో స్థానిక డాక్టర్లు వెళ్లని వేల్స్ బొగ్గు లోయల్లో, ఉత్తర ఇంగ్లండ్ మిల్లుల ఊళ్లలో జీపీలయ్యారు. ఆసుపత్రుల్లో వృద్ధుల వైద్యం, మానసిక వైద్యం లాంటి, అక్కడివాళ్లు ఇష్టపడని విభాగాల్లో కుదురుకున్నారు. అమెరికాలో కెంటకీ, వెస్ట్ వర్జీనియా గనుల పల్లెల్లో, మధ్య పశ్చిమాన చిన్న పట్నాల్లో క్లినిక్‌లు తెరిచారు. గుంటూరు, విశాఖ, కాకినాడ, ఉస్మానియా, కాకతీయ కాలేజీల నుంచి వెళ్లినవాళ్లూ ఆ వరసలో ఉన్నారు. గుంటూరు మెడికల్ కాలేజీ అమెరికా పూర్వ విద్యార్థులు తమ ఊరి ప్రభుత్వ ఆసుపత్రిలో తల్లీబిడ్డల విభాగం భవనానికి పోగుచేసిన నిధులు అక్కడి సంపాదన నుంచి వచ్చినవే. ఆ తరం గొప్పగా బతికింది, గొప్పగా పంచింది.

అమెరికాలో జే-1 వీసా మీద రెసిడెన్సీ చేసినవాళ్లు, తిరిగి స్వదేశంలో రెండేళ్లు ఉండాలన్న షరతు తప్పించుకోవాలంటే డాక్టర్లు లేని ప్రాంతంలో మూడేళ్లు పనిచేయాలి. 1994లో మొదలైన ఆ పథకం కింద ఒక్కో రాష్ట్రానికి ఏటా 30 మంది. అందుకే న్యూజెర్సీలో ఉండాలనుకున్న మన డాక్టరు డకోటాలో తేలుతుంటారు. ఆ తర్వాత గ్రీన్‌కార్డు వరుస. భారతదేశంలో పుట్టినవాళ్లకు అది దశాబ్దాల మాట. మూడు లక్షల డాలర్లు సంపాదిస్తున్న మనిషి కూడా ఉద్యోగం మారాలంటే వీసా కాగితాలు ముందు చూసుకోవాల్సిందే. బ్రిటన్‌లో ఇంతవరకు ఐదేళ్లకు శాశ్వత నివాసం వచ్చేది. దాన్ని మామూలుగా పదేళ్లు చేయాలని ప్రభుత్వం 2025లో ప్రతిపాదించింది.

ఈ ఏడాది అప్లికేషన్ పెట్టే పిల్లలు జీతం కంటే ముందు చూడాల్సింది గుమ్మం దగ్గరి రద్దీని. 2025లో బ్రిటన్ స్పెషాలిటీ ట్రైనింగ్‌కు సుమారు 10 వేల సీట్లకు 30 వేల మందికి పైగా పోటీపడ్డారు. ప్లాబ్ పాసై, బ్రిటన్ వైద్య మండలి జీఎంసీ ఇచ్చే రిజిస్ట్రేషన్ చేతిలో పెట్టుకుని, ఒక్క ఉద్యోగానికి వందల అప్లికేషన్ల మధ్య నెలల తరబడి ఖాళీగా ఉన్న మన పిల్లలు అక్కడ చాలామంది ఉన్నారు. సీట్లలో తమ దేశంలో చదివినవాళ్లకే ముందు అవకాశం ఇస్తామని బ్రిటన్ ప్రభుత్వం 2025 జులైలో తన పదేళ్ల ఆరోగ్య ప్రణాళికలో ప్రకటించింది. అదే ఏడాది సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు కొత్త హెచ్-1బీ వీసాలకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. చిన్న ఊరి ఆసుపత్రి ఒక రెసిడెంటు కోసం అంత కడుతుందా అన్నది ఆ ఊరిని బట్టి, ఆ ఆసుపత్రి ఖజానాను బట్టి ఉంటుంది.

1995లో వెళ్లి స్థిరపడిన బాబాయి అనుభవం విలువైనదే. కానీ ఆయన దాటిన గుమ్మం ఇప్పుడు లేదు. ప్లాబ్ ఫీజో, యూఎస్‌ఎంఎల్‌ఈ ఫీజో కట్టే ముందు, రెండు మూడేళ్ల క్రితం వెళ్లినవాళ్లను వెతికి పట్టుకుని మాట్లాడాలి. మొదటి ఉద్యోగం ఎన్నాళ్లకు దొరికింది, ఏ విభాగంలో, ఏ ఊళ్లో, వారానికి ఎన్ని గంటలు, రాత్రి ఇంటికొచ్చాక ఇంకెంత పని... ఇవన్నీ అడిగాకే, నెలకు చేతికెంత వస్తోందని అడగాలి.